జడ్చర్ల–గద్వాల రైలు మార్గం: అంగళ్ల కోసం లైన్ వేశారా, లైన్ వల్ల అంగళ్లు పెరిగాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది జడ్చర్ల దగ్గరి పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. తాతగారి ట్రంకుపెట్టెలో 1954 నాటి రైల్వే కాగితం ఒకటి దొరికింది. జడ్చర్ల నుంచి నంద్యాలకు ఒక వ్యాగన్‌లో 400 మణుగుల వేరుశనగ పంపినట్టు అందులో ఉంది, పైన సెంట్రల్ రైల్వే అని అచ్చయి ఉంది. జడ్చర్లను ఆనుకున్న బాదేపల్లి, అటు గద్వాల రెండూ పెద్ద అంగడి ఊళ్లు కాబట్టి వాటిని కలపడానికే నిజాం ఈ లైన్ వేయించాడని మీ ఇంట్లో పెద్దలు అంటారు. అది నిజమేనా? స్టేషన్లు ఊళ్లకు దూరంగా ఎందుకున్నాయి? ఒకప్పుడు ప్రతి చిన్న స్టేషన్లో ఎక్కే సరుకు ఇప్పుడు ఎందుకు ఎక్కడం లేదు?

నేను రైల్వేలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు సీతాఫల్‌మండిలో ఉంటున్నాను. అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా, తర్వాత మాస్టర్‌గా పదకొండేళ్లు ఈ లైన్ మీదే పనిచేశాను, ఎక్కువ భాగం మీటర్ గేజ్ రోజుల్లో, అంటే పట్టాల మధ్య వెడల్పు మీటరే ఉన్న కాలంలో. చిన్న స్టేషన్లలో సిగ్నల్ చూసేది, టికెట్ ఇచ్చేది, గూడ్స్ రసీదు రాసేది అంతా మాస్టరే. అందుకని మీ తాతగారి కాగితం లాంటివి వందలు నా చేత్తో రాశాను.

సూటిగా చెప్పాలంటే, ఆ రెండు అంగళ్లను కలపడానికి ఈ లైన్ వేయలేదు. సికింద్రాబాద్‌ను దక్షిణాదిలోని మీటర్ గేజ్ లైన్లతో కలపడానికి వేశారు. 1916లో సికింద్రాబాద్–గద్వాల మార్గం వచ్చింది, ఆ తర్వాత తుంగభద్ర దాటించి కర్నూలు మీదుగా ద్రోణాచలం (డోన్) దాకా కలిపారు. వారానికోసారి జరిగే అంగళ్లు అంతకుముందూ ఉన్నాయి. కానీ అడ్తీ (కమీషన్ వ్యాపారం) దుకాణాలు, గోదాములు, నూనె మిల్లులు, రోజూ కాంటాలు నడిచే మార్కెట్ మాత్రం స్టేషన్‌ను ఆనుకుని పెరిగినవే. మీ పెద్దలు చెప్పిన రెండు విషయాలూ ఉన్నవే, ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం తిరగబడింది.

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. హైదరాబాద్ నగరానికి మొదటి రైలు 1874లో వచ్చింది, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు, బ్రాడ్ గేజ్. బొంబాయి–మద్రాసు లైన్‌కు అది కొక్కెంలాంటిది. తర్వాత ఆ రైల్వే లండన్‌లో పెట్టిన ఒక కంపెనీ చేతికి వెళ్లింది. పెట్టుబడికి ఇంత వడ్డీ తప్పకుండా ఇస్తామని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది, అందుకే దాని పేరులో 'గ్యారంటీడ్' అనే మాట ఉండేది. లాభం వచ్చినా రాకపోయినా హామీ సొమ్ము ఖజానా నుంచి కట్టాలి. 1883లో చాందా (ఇప్పటి చంద్రపూర్) రైల్వే పథకం వచ్చినప్పుడు షరతులేమిటో జనానికి చెప్పండని హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు అడిగారు. అలా అడిగినవారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆయన్ని ఉద్యోగం నుంచి తప్పించి రాజ్యం బయటికి పంపేశారు. రైలు లెక్కలు అడిగినందుకు ఒక కాలేజీ ప్రిన్సిపాల్ ఊరు విడిచి పోవాల్సి వచ్చిందన్న సంగతి ఈ తరానికి తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది.

హామీ సొమ్ము బరువు కాబట్టి తర్వాతి లైన్లకు ఖర్చు తగ్గే దారి చూశారు. ఆ దారే మీటర్ గేజ్. బ్రాడ్ గేజ్‌లో పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌లో 1000. కట్ట సన్నగా చాలు, పట్టాలు తేలిక, మలుపులు బిగువుగా తిప్పవచ్చు, వంతెనలు చిన్నవి. 1899–1901 మధ్య సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా మీటర్ గేజ్ లైన్ వేశారు. అటు దక్షిణాన గుంతకల్లు, ద్రోణాచలం, నంద్యాల మీదుగా బెజవాడకు అప్పటికే మీటర్ గేజ్ ఉంది. మధ్యలో మిగిలిన ఖాళీ మన పాలమూరు. ఆ ఖాళీని పూడ్చిన లైనే ఇది. కాచిగూడ స్టేషన్ భవనం కూడా 1916దే. కాచిగూడ నుంచి ఫలక్‌నుమా, ఉందానగర్, షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి రోడ్, కృష్ణా నది దాటి గద్వాల, ఇదీ వరస.

మీ తాతగారి కాగితమే దీనికి మంచి సాక్ష్యం. ఆయన సరుకు నంద్యాలకు ఎందుకు వెళ్లింది? బాదేపల్లికి హైదరాబాద్ దగ్గర కదా? హైదరాబాద్‌లో అమ్ముడైతే సరే. కానీ అక్కడి నుంచి బొంబాయికో బెజవాడకో బ్రాడ్ గేజ్ మీద పోవాలంటే సికింద్రాబాద్‌లో మీటర్ గేజ్ వ్యాగన్ ఖాళీ చేసి, బ్రాడ్ గేజ్ వ్యాగన్‌లోకి బస్తా బస్తా మార్చాలి. దాన్ని మేం ట్రాన్‌షిప్‌మెంట్ అనేవాళ్లం. రెండు రకాల వ్యాగన్లు ఎదురెదురుగా నిలబెట్టి మధ్యలో పలక వేస్తారు. హమాలీ ఇనుప కొక్కెం బస్తా చెవికి తగిలించి, వీపు మీదికి లాక్కుని, నాలుగు అడుగులు వేసి అవతల దించుతాడు. కొక్కెం దిగిన చోటల్లా గోనెకు చిల్లు. ఆ చిల్లులోంచి కారిన పల్లీలు పలక కింద కుప్పపడితే చిన్నపిల్లలు, ముసలమ్మలు ఏరుకునేవాళ్లు. అటు సరుకు దించుకున్న షావుకారు మాత్రం తూకం తగ్గిందని క్లెయిమ్ రాసేవాడు. అదే జడ్చర్ల నుంచి కర్నూలు, ద్రోణాచలం మీదుగా నంద్యాలకైతే అంతా మీటర్ గేజ్. ఇక్కడ వేసిన సీలు అక్కడే తెంపుతారు, దారిలో బస్తా మీద చెయ్యి పడదు. అడ్తీదారుకు దూరం కన్నా అది ముఖ్యం. దక్షిణం వైపు ఈ లైన్‌కు అంత విలువ ఎందుకు వచ్చిందో ఆ ఒక్క కాగితం చెప్తోంది.

ఇక మణుగుల సంగతి. 400 మణుగులంటే నాలుగున్నర టన్నులని మీరు లెక్క వేశారు. అది మన పల్లెల మణుగు, ఎనిమిది వీశెలది, సుమారు పదకొండు కిలోలు. రైల్వే కాగితం మీద రాసే మణుగు వేరు. అది నలభై సేర్ల మణుగు, 37.3 కిలోలు. అంటే మీ తాతగారు పంపింది దాదాపు 15 టన్నులు, మీటర్ గేజ్ వ్యాగన్‌కు నిండు సరుకు. ఇంకో సంగతి కూడా అందులోనే దాగి ఉంది. పల్లికాయ బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటుంది. పొట్టుతో ఉన్న కాయ అయితే ఆ చిన్న వ్యాగన్‌లో 15 టన్నులు పట్టదు. కాబట్టి పంపింది కాయ కాదు, వొలిచిన పల్లీలు. బస్తాకు రెండు మణుగులు అనుకుంటే 200 బస్తాలు. అన్ని పల్లీలు చేత్తో వొలిచి పంపరు. అంటే 1954 నాటికే ఆ చుట్టుపక్కల పల్లికాయ వొలిచే మిల్లు నడుస్తూ ఉండాలి. తాతగారి చిట్టా పుస్తకాలు ఏమైనా మిగిలి ఉంటే మిల్లుకు కట్టిన కూలి కోసం వెతకండి.

సెంట్రల్ రైల్వే అంటే బొంబాయిది కదా అని మీ అనుమానం. కంపెనీ నుంచి ఈ రైల్వేను నిజాం ప్రభుత్వం 1930 ఏప్రిల్ 1న కొనేసింది, అప్పటి నుంచి నిజాం స్టేట్ రైల్వే. హైదరాబాద్ భారతదేశంలో కలిశాక, 1951 నవంబర్ 5న దాన్ని బొంబాయి కేంద్రంగా ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో కలిపారు. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది 1966 అక్టోబర్ 2న. ఆ పదిహేనేళ్లలో రాసిన కాగితాలన్నింటి మీదా సెంట్రల్ రైల్వే అనే ఉంటుంది. నంద్యాల అప్పుడు దక్షిణ రైల్వేలోది. పైగా 1954లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, జడ్చర్ల హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. తుంగభద్ర వంతెన దాటితే వేరే రాష్ట్రం. మీ తాతగారి పల్లీలు రెండు రాష్ట్రాలు, రెండు రైల్వేలు దాటి వెళ్లాయి, వ్యాగన్ తలుపు మాత్రం తీయలేదు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

స్టేషన్లు ఊళ్లకు దూరం ఎందుకన్నదానికి వస్తాను. మా ఊరి దొరకు పొగ గిట్టదని, ఆవులు బెదురుతాయని, భూమి ఇవ్వనన్నాడని, అందుకే లైన్ పక్కకు పోయిందని ప్రతి ఊళ్లోనూ ఒక కథ వింటాను. ఏదో ఒక చోట అది జరిగి ఉండవచ్చు. కానీ అన్ని ఊళ్లలోనూ ఒకే కథ ఉందంటే నేను నమ్మను. అసలు కారణం నేలలో ఉంది. తెలంగాణలో ఊరు చెరువు కింద ఉంటుంది. చెరువు పల్లంలో ఉంటుంది. రైలు కట్ట వేసే ఇంజనీరు పల్లం వద్దంటాడు, మిట్ట పట్టుకుని పోతాడు. నీళ్లు రెండు వైపులా విడిపోయే గట్టు మీదుగా లైన్ తీస్తే వంతెనలు తగ్గుతాయి, కట్ట ఎత్తు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఊరి మాగాణి మీదుగా తీస్తే భూమికి పరిహారం, చెరువు కాలువలకు తూములు, వానాకాలంలో కట్ట కోత, అన్నీ మీద పడతాయి. అందుకని ఊరు పల్లంలో, స్టేషన్ మిట్ట మీద.

స్టేషన్ పేరు చివర 'రోడ్' అని ఉంటే రైల్వే భాషలో అర్థం ఒకటే, ఆ ఊరికి ఇక్కడ దిగి రోడ్డు పట్టుకుని పోవాలి అని. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది వనపర్తిలో కాదు, మదనాపురంలో. అలంపూర్ రోడ్ కూడా అంతే. వనపర్తి, గద్వాల రెండూ సంస్థానాలే. గద్వాలకు స్టేషన్ ఊరి దగ్గరికే వచ్చింది, వనపర్తికి 'రోడ్' మిగిలింది.

స్టేషన్ నుంచి ఊరికి పోయే ఆ దూరం కోసం రైల్వేనే బస్సులు పెట్టిందని చాలామందికి తెలియదు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. మన ఆర్టీసీకి మూలం అదే. రైలు, బస్సు రెండూ ఒకే యాజమాన్యం కింద ఉండటం వల్ల ఒకదానికొకటి పోటీ కాకుండా తోడుగా నడిచేలా చూసుకునే వీలుండేది. తర్వాత అవి విడిపోయి, ఒకే ఊరికి రెండూ పోటీ పడ్డాయి. దాని నష్టం ఎక్కువగా రైలుకే తగిలిందని నా అభిప్రాయం.

ఈ లైన్ చరిత్ర చెప్తూ 1956 సెప్టెంబర్ 2 గురించి మాట్లాడకపోతే తప్పు. ఆ రోజు జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన రైలు కింద కూలిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానన్నారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్ 23న మద్రాసు రాష్ట్రంలోని అరియలూర్ దగ్గర ఇంకో పెద్ద ప్రమాదం జరిగాక మళ్లీ రాజీనామా ఇచ్చి, ఈసారి తప్పుకున్నారు. చాలామంది మహబూబ్‌నగర్ ప్రమాదానికే ఆయన దిగిపోయారని రాస్తారు. వరస ఇది. రెండు ప్రమాదాల మధ్యలోనే, నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ ప్రమాదం జరిగి ఇరవై ఏళ్లు దాటింది. అయినా పాత గ్యాంగ్‌మెన్ వాన పడగానే ఆ మాట ఎత్తేవారు. వానాకాలం లైన్ గస్తీ ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను, ఇది పుస్తకాల్లో దొరకదు. గస్తీ మనిషి చేతిలో లాంతరు, భుజాన సంచి, సంచిలో డిటోనేటర్లు. వాటిని మేం పటాకులు అనేవాళ్లం. పట్టా మీద బిగిస్తే ఇంజన్ చక్రం కింద పేలి డ్రైవర్‌ను హెచ్చరిస్తాయి. లైన్ తెగిందని కనబడితే మీటర్ గేజ్ మీద 400 మీటర్ల దగ్గర ఒకటి, 800 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. అటు స్టేషన్ నుంచి వచ్చేవాడు, ఇటు నుంచి వెళ్లేవాడు మధ్యలో కలిసి గస్తీ పుస్తకాలు మార్చుకుంటారు. అంటే నా పుస్తకం పక్క స్టేషన్‌కు, వాళ్లది నాకు చేరితే మధ్యలో లైన్ మొత్తం ఎవరో ఒకరు నడిచి చూశారని అర్థం.

పాలమూరులో వాన కన్నా చెరువు భయం ఎక్కువ. ఒకదాని కింద ఒకటి గొలుసుగా ఉంటాయి. పైది తెగితే కిందివన్నీ తెగుతాయి, ఆ నీళ్లన్నీ వచ్చి రైలు కట్టను కొడతాయి. లైన్ మీద ప్రభావం చూపే చెరువుల జాబితా ఒకటి రైల్వే దగ్గర ఉంటుంది, వానలకు ముందు నీటిపారుదల వాళ్లతో కలిసి వాటి కట్టలు చూసి వస్తారు. అది కాగితం మీద ఏర్పాటు. అసలు కబురు మాకు నీరడి, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషి, నుంచి వచ్చేది. సైకిల్ మీద వచ్చి "మాస్టరు సాబ్, మా చెరువు మత్తడి దుంకుతున్నది" అని చెప్పి చాయ్ తాగి వెళ్లేవాడు. అంటే చెరువు నిండి అలుగు మీదుగా నీళ్లు పొర్లుతున్నాయని. ఆ ఒక్క మాటకు నేను బండ్లను నడిపించే కంట్రోల్ ఆఫీసుకు ఫోన్ చేసేవాణ్ని.

1983 వానాకాలంలో ఒక రాత్రి నా డ్యూటీలో గస్తీ మనిషి రావాల్సిన వేళకు రాలేదు. ప్యాసింజర్ బండి ప్లాట్‌ఫారం మీద ఉంది. అలాంటప్పుడు బండిని ఆపి, డ్రైవర్‌కు కాషన్ ఆర్డర్ ఇచ్చి, నెమ్మదిగా పొమ్మనాలి. ఆ రాత్రి నాకు ఆర్డర్ రాయబుద్ధి కాలేదు. డ్రైవర్‌తో "ఇంకొంచెం చూద్దాం" అన్నాను. ఆయన పాత మనిషి, ఏమీ అనకుండా ఇంజన్ దిగి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాడు. నలభై నిమిషాల తర్వాత గస్తీ మనిషి వచ్చాడు. గోనె సంచిని కొప్పెరలా నెత్తిన వేసుకున్నాడు, వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వంతెన దిమ్మె మీద ప్రమాదపు మట్టం గుర్తుకు ఎర్ర గీత ఉంటుంది. "గీతకు జానెడు కింద ఉన్నయి సార్ నీళ్లు. దిగుతయో ఎక్కుతయో చూసి వద్దామని అక్కడ్నే నిలబడ్డ. దిగినయి" అన్నాడు. అతను వెనక్కి వచ్చేస్తే అడిగేవాళ్లు లేరు. ఆ వానలో, చీకట్లో, వంతెన పక్కన ఒక్కడే నిలబడి నీళ్లను కనిపెట్టాడు. ఆ తర్వాతే బండి వదిలాను. ఈ లైన్ వందేళ్లు నడిచిందంటే అలాంటి వాళ్ల వల్ల నడిచింది. అతని పేరు ఏ రిపోర్టులోనూ ఉండదు.

ఇక చివరి ప్రశ్న, సరుకు ఎందుకు పోయింది? అందరూ "లారీలు వచ్చాయి" అంటారు. అది సగం నిజం. హైవే జడ్చర్ల నుంచి కొత్తకోట, పెబ్బేరు మీదుగా కర్నూలుకు పోతుంది. రైలు మహబూబ్‌నగర్, దేవరకద్ర, గద్వాల చుట్టి పోతుంది. లారీ రైతు కల్లం దగ్గరికే వస్తుంది. ఇదంతా సరే. కానీ చిన్న స్టేషన్ల గూడ్స్ షెడ్లు మూతపడటానికి పెద్ద కారణం రైల్వే తన పద్ధతి మార్చుకోవడం.

నేను చేరిన కొత్తలో ఒక్క బస్తా కూడా బుక్ చేసుకునేవాళ్లం. దాన్ని స్మాల్స్ అనేవారు. గద్వాల చీరల మూట పార్సిల్‌లో పోయేది, దేవరకద్ర ఉల్లిగడ్డ, ఆముదాలు, తోళ్లు, ఖాళీ గోనె సంచుల కట్టలు, అన్నీ వచ్చేవి. వ్యాగన్ కావాలంటే షావుకారు ఇండెంట్ పెట్టి డబ్బు కట్టేవాడు, ఒక్క వ్యాగన్ అయినా పెట్టేవాళ్లం. గూడ్స్ బండి ప్రతి స్టేషన్లో ఆగి ఒకటో రెండో తగిలించుకుని పోయేది. ఇందులో తిప్పలున్నాయి. ఒక వ్యాగన్ వంద కిలోమీటర్లు పోవడానికి వారం పట్టిన సందర్భాలున్నాయి. ఇది దండగని 80ల నుంచి రైల్వే మొత్తం రేక్ పద్ధతికి మారింది. బండికి బండి ఒకే సరుకు, ఒకే చోట ఎక్కాలి, ఒకే చోట దిగాలి. బొగ్గుకు, సిమెంటుకు, ఎరువులకు అది బాగా కుదిరింది. దేశానికి మొత్తంగా లాభమే, నేను కాదనను. కానీ బ్రాడ్ గేజ్ రేక్ అంటే నలభైకి పైగా వ్యాగన్లు, రెండున్నర వేల టన్నులు. మీ తాతగారి 15 టన్నుల వాడు ఎక్కడికి పోవాలి?

ఆ మార్పు నా బల్ల ముందే జరిగింది. ఒక పల్లీల అడ్తీదారు ఏటా సంక్రాంతి దాటాక నా దగ్గరికి ఇండెంట్ తెచ్చేవాడు. ఒక ఏడాది వ్యాగన్ ఇవ్వలేమని చెప్పాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కూడా వచ్చి అడిగాడు. మూడో ఏడాది వచ్చాడు కానీ ఇండెంట్ కోసం కాదు, మనవడి పెళ్లి కార్డు ఇవ్వడానికి. ఆయన సరుకు అప్పటికే లారీల మీద పోతోంది. దడువాయిలకు (తూకం వేసేవాళ్లకు), లోడింగ్ హమాలీలకు మార్కెట్ యార్డులో పని దొరికింది గానీ గూడ్స్ షెడ్ హమాలీ ముఠా మాత్రం చెదిరిపోయింది. కొందరు హైదరాబాద్ వచ్చి బేగంబజార్ గోదాముల్లో చేరారు.

తర్వాత గేజ్ మార్పిడి. 1992లో మీటర్ గేజ్ లైన్లను బ్రాడ్ గేజ్‌గా మార్చే పెద్ద పథకం మొదలైంది, 90ల దశకంలోనే మన లైన్ వంతు వచ్చింది. మార్పిడి కోసం లైన్ ముక్కలు ముక్కలుగా మూసినప్పుడు రైలు అలవాటున్న జనం బస్సులకు అలవాటు పడ్డారు. మళ్లీ తెరిచాక ఎక్స్‌ప్రెస్‌లు పెరిగాయి, చిన్న స్టేషన్లలో ఆగే బండ్లు మాత్రం మునుపటిలా కుదురుకోలేదు. అయితే మార్చకుండా ఉండాల్సిందని నేను అనను. ట్రాన్‌షిప్‌మెంట్ బాధ పోయింది, మహబూబ్‌నగర్ నుంచి నేరుగా దేశంలో ఎక్కడికైనా బండి పోతుంది. మీటర్ గేజ్ మీద ఎంత ప్రేమున్నా ఆ మాట ఒప్పుకోవాలి.

ఈ మధ్య సంగతులు మీకు తెలిసే ఉంటాయి. 2013లో గద్వాల–రాయచూరు లైన్ తెరిచారు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్ (రెండో లైన్), కరెంటు లైన్ ప్రారంభించారు, సుమారు 1,410 కోట్లు ఖర్చయింది. అదే ఏడాది అక్టోబర్‌లో దేవరకద్ర నుంచి కృష్ణా స్టేషన్ దాకా లైన్ పూర్తయింది.

మీరు సొంతంగా చరిత్ర వెతకాలనుకుంటే రెండు జాగ్రత్తలు. పట్టా పక్క భాగం మీద తయారైన ఏడాది ఉబ్బెత్తుగా అచ్చయి ఉంటుంది, కానీ అది లైన్ వేసిన ఏడాది కాదు. అరిగిన పట్టాలు తీసేస్తారు, ఇంకో చోటివి తెచ్చి వేస్తారు. నేను ఒక సైడింగ్‌లో (పక్క లైన్‌లో) మెయిన్ లైన్ కన్నా పాత పట్టాలు చూశాను. అలాగే స్టేషన్ భవనం పాతగా ఉంటే అది మొదటి భవనమే అనుకోకండి. నమ్మకమైన సమాచారానికి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు రైల్వే రిపోర్టులు అడగండి. ఓపిక ఉంటే రెండు మూడు రోజులు పెట్టుకోండి.

చివరగా మీ కాగితం గురించి నాకు ఒక అనుమానం ఉంది. రైల్వే రసీదును మాస్టర్ సరుకు పంపినవాడికి ఇస్తాడు. అతను దాన్ని పోస్టులోనో బ్యాంకు ద్వారానో సరుకు అందుకునేవాడికి పంపుతాడు. అతను దిగే స్టేషన్లో ఆ రసీదు అప్పజెప్పి సరుకు విడిపించుకుంటాడు. కాబట్టి అసలు రసీదు నంద్యాలలో రైల్వే చేతికి పోయి ఉండాలి, జడ్చర్ల దగ్గరి ట్రంకుపెట్టెలో ఉండకూడదు. మీ దగ్గరున్నది రసీదు కాకపోవచ్చు. సరుకు ఇచ్చేటప్పుడు పంపేవాడు నింపి సంతకం పెట్టే ఫార్వర్డింగ్ నోట్ నకలు అయి ఉండవచ్చు. లేదా నిజంగా రసీదే అయితే, అది చేరేలోపు నంద్యాల షావుకారు రసీదు లేకుండా తీసుకున్నందుకు పూచీ నాదేనని ఇండెమ్నిటీ బాండ్ రాసిచ్చి సరుకు తీసుకుని ఉండాలి, రసీదు తర్వాత మీ ఇంటికి తిరిగొచ్చి ఉండాలి.

కాగితం పైన ఎడమ మూల ఏముందో చూడండి, వెనక వైపు ఏమైనా సంతకాలు, బ్యాంకు ముద్ర ఉన్నాయేమో చూడండి. రెండు వైపులా ఫోటోలు తీసి పెడితే చదివి చెప్తాను. ల్యామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి పాత సిరా పోవచ్చు, తర్వాత ఎవరూ బాగుచేయలేరు. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, మడత పెట్టకుండా, ఏదైనా పెద్ద పుస్తకంలో ఉంచండి.